కళ్లు తీశావా?

బ్రిస్బేన్ వచ్చిన కొత్తల్లో మూడు వారాల పాటు నా పరీక్షలన్నీ తప్పొచ్చాయి. రొయ్య పిల్లల్లో తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో పీసీఆర్‌తో, అంటే వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్షతో, చూడాలి. ఉందని ముందే తేలిన నమూనాలు ఇచ్చినా నా చేతిలో ‘లేదు’ అనే వచ్చేది. పరిశోధన పేపర్లో రాసినట్టు అక్షరం పొల్లుపోకుండా చేస్తున్నా. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో ఇన్నేళ్లు ఏం నేర్చుకున్నానా అని దిగులు పట్టుకుంది.

ఆ ల్యాబ్‌లో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న టెక్నీషియన్ ఒకామె నా బల్ల పక్కగా పోతూ ఆగి, “కళ్లు తీశావా?” అంది. రొయ్య కళ్లలో ఉండే పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. కళ్లు కత్తిరించి మళ్లీ చేశా. మధ్యాహ్నానికల్లా ఫలితం సరిగ్గా వచ్చింది. నేను చదివిన పేపర్లో ఆ ముక్క లేదు. రాసినవాళ్లకు అది చెప్పాల్సిన సంగతిగా తోచి ఉండదు.

బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త హ్యారీ కాలిన్స్ 1970లలో ఒక రకం లేజర్ తయారుచేసే ల్యాబ్‌లు తిరిగి చూశాడు. ఉత్త పేపర్లు చదివి ఆ లేజర్‌ను పనిచేయించినవాళ్లు ఆయనకు ఒక్కరూ కనపడలేదు. అప్పటికే చేసినవాళ్ల దగ్గరికి పోయి, చూసి, అడిగి తెలుసుకున్నవాళ్లకే అది లొంగింది. ఆ సంగతి చదివినప్పుడు నాకు మా చిన్నాయన గుర్తొచ్చాడు.

నెల్లూరు జిల్లా విడవలూరు వైపు మా రొయ్యల గుంటలు. 1994లో తెల్లమచ్చ నెల్లూరు రొయ్యను ఊడ్చేసినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. టైగర్ రొయ్య మీద పెట్టిందంతా పోయి నాయన మళ్లీ గుంట మొహం చూడలేదు. చిన్నాయన మాత్రం వదల్లేదు. వనామీ అనే వేరే రకం రొయ్య వచ్చాక మళ్లీ నిలదొక్కుకున్నాడు. గట్టు మీద కాకులు, కొంగలు దిగుతున్నాయంటే రొయ్య నీరసించి అంచుకొచ్చిందని దూరం నుంచే చెప్పేవాడు. మేత ఎంత తిన్నాయో చూసేందుకు గుంటలో దించే చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేతా రొయ్య పేగూ చూసి, ఆ పూట మేత తగ్గించాలా వద్దా అని అక్కడికక్కడే తేల్చేవాడు. ఎవరూ ఆయనకు కాగితం మీద రాసివ్వలేదు. 2016 చివర్లో ఇక్కడ బ్రిస్బేన్ దగ్గర లోగన్ నది పక్క ఫారాలకు అదే తెల్లమచ్చ వచ్చింది, ఆస్ట్రేలియా ఫారాల్లో మొదటిసారి. ఆ రాత్రి చిన్నాయనతో చాలాసేపు మాట్లాడా.

తర్వాత కొన్నేళ్లకు ఆయనే ఒక ప్రశ్న వేశాడు. “ఏరా అబ్బయా, రెండు గుంటల్లో ఒకే సీడ్ ఏశా. ఒకదాంట్లో మేతలో పొడి కలిపా. అదే బాగా పెరిగింది. పొడి వల్లేనా? ఆ పొడికి పంటకి లక్ష పైన పెడతుండా.”

పొడి వేసిన గుంట కాలవకు దగ్గర. నీళ్లు ముందు దానికే అందుతాయి. పెరిగింది పొడికా, నీళ్లకా? రెండు గుంటలతో అది ఎప్పటికీ తేలదు. మా ప్రొఫెసర్‌కు చెబితే, “మంచి ప్రశ్న, చేద్దాం” అన్నారు. ఒక రైతు సందేహానికి 12 తొట్లు ఇచ్చిన ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ గౌరవం. తొట్టికి 25 రొయ్యలు. ఏ ఆరు తొట్లకు పొడి కలపాలో చీటీలు వేసి తీశాం. మేత సంచుల మీద అంకెలే రాశాం. తూకం వేసేవాడికి కూడా ఏది ఏదో తెలియకూడదు. ఎనిమిది వారాలు.

లెక్కలు కట్టేటప్పుడు 300 రొయ్యల ఫలితమని రాసుకుపోయా. ప్రొఫెసర్ కొట్టేశారు. “ఒక తొట్టిలో రొయ్యలన్నీ ఒకే నీళ్లు తాగాయి. నీ లెక్క 300 కాదు, 12.” స్టువర్ట్ హర్ల్‌బర్ట్ అనే పర్యావరణ శాస్త్రవేత్త 1984లోనే ఈ తప్పును బయటపెట్టి ఎందరి పరిశోధనల్లోనో చూపించాడు. చదివే ఉన్నా. అయినా నా కాగితం మీద ప్రొఫెసర్ పెన్ను పడ్డాకే నాకది ఎక్కింది.

తేలిందేమంటే, తేడా లేదు. పొడి వేసినా వేయకపోయినా ఒకే పెరుగుదల.

రెండు పత్రికలకు పంపాం. కొత్త సంగతేమీ లేదని రెండూ తిప్పి పంపాయి. ‘పనిచేసింది’ అంటే అచ్చవుతుంది, ‘పనిచేయలేదు’ అంటే సొరుగులో పడుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ రోసెంతాల్ 1979లోనే దీన్ని సొరుగు సమస్య అన్నాడు. నా కోపమల్లా ఇక్కడే. పంటకి లక్ష పోస్తున్న మనిషికి ఇంతకన్నా కొత్త సంగతి ఏముంటుంది?

ఒక ఆదివారం కూర్చుని నాలుగు పేజీలు తెలుగులో రాశా. తొట్లు ఎన్ని, చీటీలు ఎందుకు వేశాం, 300 ఎందుకు 12 అయింది, అన్నీ రాసి చిన్నాయనకు వాట్సాప్‌లో పంపా. ఆయన దాన్ని చుట్టుపక్కల గుంటలోళ్లందరికీ పంపాడు. మూడో రోజు ఫోన్.

“బాగా రాశావు నాయనా. అర్థమైంది. ఒక్క మాట. మీ తొట్లల్లో అడుగున మట్టి ఏశారా?”

వేయలేదు. అన్నీ ఫైబర్ తొట్లు, నున్నటి అడుగు.

“మా గుంటలో తినంగా మిగిలిన మేత మట్టిలో కుళ్లిద్ది గదా. ఆ పొడి రొయ్యకి కాకుండా అడుక్కి ఏమన్నా చేస్తుండాదేమో. అది చూడలేదు మీరు.”

ఆ రెండు పత్రికల తరఫున మా పేపర్ చదివిన నలుగురూ ఆ మాట అడగలేదు. ల్యాబ్ నోట్‌బుక్ తీసి, తేదీ వేసి, చిన్నాయన పేరుతో ఆ ప్రశ్న రాసుకున్నా. మట్టి వేసిన తొట్లతో వచ్చే నెల మళ్లీ మొదలుపెడుతున్నాం.