పాత్ పోయింది, పాత విండో కాపాడింది

నిన్న రాత్రి పదకొండున్నరకి బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా తయారుచేసే పని) పాసైంది. పొద్దున్న లేవగానే ఇది రాయడానికి కూర్చున్నాను. వారం ఆగితే కోపం చల్లారిపోతుంది, దాంతోపాటు వివరాలూ పోతాయి.

కొత్త ఉద్యోగం, విజయనగరంలో మా ఇంటి నుంచే పని. ల్యాప్‌టాప్ కొరియర్‌లో వచ్చింది. వీపీఎన్ పది నిమిషాల్లో కుదిరింది. గిట్ కీ మొదటిసారికే పనిచేసింది. వీటి గురించి చెప్పడానికేమీ లేదు. నాలుగు రోజులు నన్ను తిప్పలు పెట్టింది పాత్ ఒక్కటే.

మనం ఒక కమాండ్ పేరు కొడితే ఆ ప్రోగ్రాం కోసం ఏయే ఫోల్డర్లలో, ఏ వరసలో వెతకాలో చెప్పే జాబితా పేరే పాత్. వరసలో ముందు ఏది దొరికితే అదే నడుస్తుంది. విండోస్‌లో ఫోల్డర్ల మధ్య సెమీకోలన్ ఉంటుంది, బ్యాష్ లాంటి యూనిక్స్ షెల్స్‌లో (మనం కొట్టిన కమాండ్లని నడిపే ప్రోగ్రాంలలో) కోలన్ ఉంటుంది. నా ల్యాప్‌టాప్‌లో విండోస్, విండోస్‌లోనే బ్యాష్ కమాండ్లు నడిపే గిట్ బ్యాష్, విండోస్ లోపల లైనక్స్‌ని నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఉబుంటు అనే లైనక్స్, మూడూ ఉన్నాయి. మూడింటికీ పాత్ ఉంది, మూడూ వేర్వేరు.

మా టీం టూల్స్ అన్నీ సీ డ్రైవులో ఒక ఫోల్డర్లో ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లకిచ్చే పేజీలో 'ఈ ఫోల్డర్‌ని పాత్‌లో పెట్టుకోండి' అని ఒక్క ముక్క ఉంది. ఏ పాత్‌లో, ఎలా అన్నది లేదు. నేను గిట్ బ్యాష్ వాడతాను కాబట్టి, బ్యాష్ మొదలైనప్పుడు చదివే బ్యాష్‌ఆర్‌సీ అనే సెట్టింగ్స్ ఫైలు తెరిచి, పాత్ చివర కోలన్ పెట్టి, సీ కోలన్ బ్యాక్‌స్లాష్ టూల్స్ అని విండోస్‌లో రాసినట్టే రాశాను. టూల్ దొరకలేదు. రెండుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. అయినా దొరకలేదు. సోమవారం మొత్తం ఇలాగే పోయింది.

కారణం చిన్నది. బ్యాష్‌కి కోలన్ అంటే రెండు ఫోల్డర్ల మధ్య గీత. సీ పక్కన కోలన్ కనపడగానే 'సీ' అని ఒక ఫోల్డరు, మిగతాదంతా ఇంకో ఫోల్డరు అనుకుంటుంది. ఆ రెండూ ఎక్కడా లేవు. అక్కడ స్లాష్ సీ స్లాష్ టూల్స్ అని రాయాలి. గిట్ బ్యాష్ మొదలయ్యేటప్పుడు విండోస్ పాత్‌ని తీసుకుని ఈ మార్పులన్నీ తనే చేసుకుంటుంది. దాన్నుంచి ఏదైనా విండోస్ ప్రోగ్రాం నడిపితే తిరిగి విండోస్ రూపంలోకి మార్చి పంపుతుంది. మనం చేత్తో రాసిన ముక్కని మాత్రం మనమే సరిగ్గా రాయాలి. ఎలా రాయాలో తెలియకపోతే సిగ్‌పాత్ అనే కమాండ్ ఉంది. దానికి విండోస్ దారి ఇస్తే యూనిక్స్ దారి చెబుతుంది, డబ్ల్యూ ఆప్షన్ పెట్టి యూనిక్స్ దారి ఇస్తే విండోస్ దారి చెబుతుంది. పీ ఆప్షన్ పెడితే పాత్ జాబితా మొత్తాన్ని ఒకేసారి మారుస్తుంది. ఈ కమాండ్ పేరు ఆ పేజీలో ఒక్క లైను రాసి ఉంటే నా సోమవారం మిగిలేది.

మంగళవారం బ్యాష్‌ఆర్‌సీలో ఆ లైను తీసేసి, విండోస్ సెట్టింగ్స్‌లోనే నా అకౌంట్ పాత్‌కి టూల్స్ ఫోల్డర్ జత చేశాను. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండోలో) చూస్తే మార్పు లేదు. టెర్మినల్ మూసి తెరిచాను. అది కోడ్ రాసే ఎడిటర్ లోపలి టెర్మినల్. అయినా లేదు. మధ్యాహ్నం భోజనానికి నాన్న ఇంటికొచ్చారు. కలెక్టరేట్ దారిలో మాకు జిరాక్స్ షాపు ఉంది.

"ఏటమ్మా, అన్నం కూడా తిన్లేదు?" అన్నారు.

"మార్చాను నాన్నా, కానీ ఇందులో మారట్లేదు."

"మా షాపు దగ్గర రోజూ ఇదే గొడవ తల్లీ. జిరాక్స్ తీసుకెళ్లిపోతారు. తరవాత అసలు కాగితం దిద్దించుకుంటారు. మళ్లీ వచ్చి, నా దాన్లో మారలేదేటి అంటారు. తీసేసిన జిరాక్స్ ఎలా మారతాది? కొత్తది తీయించుకోవాల."

నాన్నకి కంప్యూటర్లో ప్రింట్ ఇవ్వడం తప్ప ఏమీ తెలియదు. కానీ ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు. ప్రతి ప్రోగ్రాం పుట్టేటప్పుడు తనని పుట్టించిన ప్రోగ్రాం దగ్గరున్న వేరియబుల్స్‌కి (పాత్ లాంటి, పేరున్న సెట్టింగులకి) నకలు తీసుకుంటుంది. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ఏం మార్చినా పాత నకలు అలాగే ఉంటుంది. ఎడిటర్ లోపలి టెర్మినల్ ఎడిటర్ దగ్గర నకలు తీసుకుంటుంది కాబట్టి ఎడిటర్‌నే మొత్తం మూసి తెరవాలి. తెరిచాను, టూల్ దొరికింది.

ఇక గురువారం. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి బిగుసుకుంటోంది.

గిట్ బ్యాష్‌లో అన్నీ నడుస్తున్నా బిల్డ్ స్క్రిప్ట్ మాత్రం డబ్ల్యూఎస్‌ఎల్‌లో నడవాలి. అక్కడ 'కమాండ్ నాట్ ఫౌండ్'. పదకొండు మంది ఉన్న కాల్‌లో లీడ్ స్క్రీన్ షేర్ చెయ్యమన్నారు. చేశాను.

"పాత్ పెట్టడం కూడా రాకుండా ఎలా చేరావు?" అన్నారు. కాల్‌లో ఎవరూ మాట్లాడలేదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, సెట్‌ఎక్స్ (వేరియబుల్‌ని శాశ్వతంగా సేవ్ చేసే కమాండ్) పాత్ అని కొట్టి, కోట్స్ లోపల ఇప్పుడున్న పాత్ మొత్తం పెట్టి, సెమీకోలన్ తర్వాత కొత్త ఫోల్డర్ పెట్టమన్నారు. ఎంటర్ కొట్టాను. రెండు లైన్లు వచ్చాయి. మొదటిది వార్నింగ్: సేవ్ చేస్తున్న డేటాని 1024 అక్షరాలకి కత్తిరించాం అని. రెండోది సక్సెస్ అని.

"సార్, కత్తిరించాం అంటోంది" అన్నాను.

"సక్సెస్ అని వచ్చింది కదా, ముందుకి పద."

ఆయన కొత్త విండో తెరవమన్నారు. తెరిస్తే పైథాన్ లేదు, ఎడిటర్ తెరిచే కమాండ్ లేదు, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దింపే ఎన్‌పీఎం‌తో పెట్టుకున్నవేవీ లేవు. పొద్దున్న పనిచేసినవి కూడా పోయాయి. "ల్యాప్‌టాప్ పాడు చేసేశావు. ఫార్మాట్ కొట్టుకో, సోమవారం చూద్దాం" అని లీడ్ కాల్ కట్ చేశారు. తను చెప్పిన కమాండే నేను కొట్టాను. పదకొండు మందికీ అది తెలుసు. ఒక్కరూ అనలేదు.

కొత్తగా చేరినవాళ్లని అందరి ముందూ నిలబెట్టి అడిగే సీనియర్లకి ఒక మాట. మీకు తెలిసింది చెప్పండి, తెలియంది తెలియదనండి. కింద ఉన్నవాళ్లు వార్నింగ్ చదివి వినిపిస్తే రెండు సెకన్లు ఆగండి.

జరిగిందేమిటో ఆ సాయంత్రం నేనే తేల్చుకున్నాను. విండోస్‌లో సిస్టమ్ పాత్ వేరు, యూజర్ పాత్ వేరు. ప్రోగ్రాంకి అందేది ఆ రెంటినీ అతికించిన జాబితా, సిస్టమ్‌ది ముందు, యూజర్‌ది వెనక. ఆ కమాండ్ అతికించిన జాబితా మొత్తాన్నీ తీసుకెళ్లి యూజర్ పాత్‌లో రాసింది, అదీ 1024 అక్షరాల వరకే. సిస్టమ్ పాత్‌కి ఏమీ కాలేదు, కానీ దాని ఫోల్డర్లే మళ్లీ వచ్చి యూజర్ చోటు ఆక్రమించాయి. నా సొంత ఫోల్డర్లు తోకలో ఉన్నాయి కాబట్టి తెగిపోయింది అవే. నేను జత చెయ్యబోయిన ఫోల్డర్ కూడా వాటితోనే పోయింది.

పోయిన పేర్లు ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఏడుపొచ్చింది. నాన్న మంగళవారం అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. తీసేసిన జిరాక్స్ మారదు. మరి అసలు కాగితం చిరిగిపోతే పాత జిరాక్స్ బాగానే ఉంటుంది కదా! పొద్దున్న నుంచి తెరిచి ఉన్న గిట్ బ్యాష్ విండో ఒకటి కింద టాస్క్‌బార్‌లో ఉంది. సెట్‌ఎక్స్ కొట్టకముందు పుట్టింది అది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. అప్పటిదాకా ఛార్జర్ పెట్టి ఉన్నా బ్యాటరీ నెమ్మదిగానే ఎక్కింది, 14 శాతమే ఉంది. ల్యాప్‌టాప్ ఆగిపోతే ఆ విండో పోతుంది, నా పాత్‌కి ఉన్న ఒకే ఒక్క నకలు దానితో పోతుంది. చీకట్లో ఆ విండో పైకి తెచ్చి, సిగ్‌పాత్‌కి డబ్ల్యూ, పీ ఆప్షన్లు ఇచ్చి, పాత్ మొత్తం విండోస్ రూపంలో ఒక ఫైలులో పడేలా కొట్టాను. ఫైలు తెరిచాను. సెమీకోలన్లతో పొడుగాటి లైను, చివర్లో నా ఫోల్డర్లన్నీ ఉన్నాయి. ఆ ఫైలుని ఫోన్‌కి కూడా పంపుకున్నాకే ఊపిరి తీసుకున్నాను.

కరెంటు వచ్చాక ఒక్కో ముక్కా ఏరాను. గిట్ బ్యాష్ తన కోసం ముందు చేర్చుకున్న ఫోల్డర్లు తీసేశాను. సిస్టమ్ పాత్‌లో ఇప్పటికే ఉన్నవి తీసేశాను. మిగిలిన ఏడింటిని సెట్టింగ్స్‌లో నా అకౌంట్ వేరియబుల్స్ విండో తెరిచి ఒక్కో లైనుగా పెట్టాను. దానికి అడ్మిన్ పర్మిషన్ కూడా అక్కర్లేదు. ఫార్మాట్ కొట్టలేదు. లీడ్ పోయిందనుకున్న ల్యాప్‌టాప్‌ని గంటన్నరలో నిలబెట్టాను, ఇది నేను గర్వంగానే చెప్పుకుంటాను.

శుక్రవారం డబ్ల్యూఎస్‌ఎల్ సంగతి చూశాను. విచిత్రం ఏమిటంటే అక్కడ టూల్ నిజానికి కనపడుతూనే ఉంది. డబ్ల్యూఎస్‌ఎల్ తనంతట తనే విండోస్ పాత్‌ని లైనక్స్ పాత్ చివర తగిలించుకుంటుంది, సీ డ్రైవు అక్కడ స్లాష్ ఎమ్‌ఎన్‌టీ స్లాష్ సీ అవుతుంది. కానీ గిట్ బ్యాష్‌లోలా కాకుండా అక్కడ విండోస్ ప్రోగ్రాం పేరు చివర డాట్ ఈఎక్స్‌ఈ కూడా కొట్టాలి. స్క్రిప్ట్‌లో అది లేదు. పైగా ఉబుంటులో ఎన్‌పీఎం లేకపోవడంతో విండోస్ వైపు ఎన్‌పీఎం దొరికి అదే నడుస్తోంది. దాని దారిలో ప్రోగ్రామ్ ఫైల్స్ అని మధ్యలో ఖాళీ ఉంది. కోట్స్ లేకుండా రాసిన స్క్రిప్ట్ దాన్ని రెండు ముక్కలు చేసేసింది.

ఉబుంటులోనే నోడ్ (జావాస్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రాం), ఎన్‌పీఎం పెట్టుకున్నాను, టూల్ లైనక్స్ వెర్షన్ దింపుకున్నాను. తర్వాత ఈటీసీలో డబ్ల్యూఎస్‌ఎల్ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిచి, ఇంటరాప్ అనే భాగం కింద అపెండ్‌విండోస్‌పాత్‌కి ఫాల్స్ అని రాశాను, అంటే విండోస్ పాత్‌ని తగిలించుకోవద్దని. విండో మూసి తెరిస్తే వెంటనే అమలవుతుందని నమ్మొద్దు, విండోస్ వైపు నుంచి డబ్ల్యూఎస్‌ఎల్‌ని షట్‌డౌన్ ఆప్షన్‌తో ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. దాంతో ఎడిటర్ కమాండ్ కూడా పోయింది, ఆ ఒక్క ఫోల్డర్‌ని స్లాష్ ఎమ్‌ఎన్‌టీతో బ్యాష్‌ఆర్‌సీలో కోట్స్ మధ్య పెట్టుకున్నాను. కమాండ్ పేరు పూర్తి చేయించుకోవడానికి ట్యాబ్ కొడితే వచ్చే ఆలస్యం కూడా తగ్గింది.

మిగిలింది టూల్స్ హోమ్ అనే వేరియబుల్. విండోస్‌లో పెట్టిన మామూలు వేరియబుల్స్ డబ్ల్యూఎస్‌ఎల్‌లోకి వాటంతట అవి రావు. డబ్ల్యూఎస్‌ఎల్‌ఈఎన్‌వీ అనే వేరియబుల్‌లో ఏవి రావాలో పేర్లు రాయాలి. పేరు పక్కన స్లాష్ పీ అని పెడితే దారిని కూడా ఆ వైపుకి తగ్గట్టు మార్చి ఇస్తుంది. 2018 ఏప్రిల్ విండోస్ 10 అప్‌డేట్ నుంచీ ఉన్న సదుపాయం ఇది. మా పేజీలో మాత్రం లేదు.

ఇదే దారిలో ఉన్నవాళ్లకి నా సలహా. సెట్‌ఎక్స్‌తో పాత్ ముట్టుకోవద్దు, ఎవరు చెప్పినా సరే. మార్చేముందు పాత్‌ని ఫైలులో దాచుకోండి. ఏ ప్రోగ్రాం నడుస్తోందో అనుమానం వస్తే బ్యాష్‌లో టైప్ కమాండ్‌కి 'ఏ' (ఇంగ్లీషు a అక్షరం) అనే ఆప్షన్ ఇచ్చి అడగండి, దొరికినవన్నీ వరసగా చూపిస్తుంది. గిట్ బ్యాష్ నుంచి విండోస్ ప్రోగ్రాంకి స్లాష్‌తో మొదలయ్యే మాట పంపితే దాన్ని దారి అనుకుని మార్చేస్తుంది. అది వద్దనుకుంటే ఎమ్‌ఎస్‌వైఎస్ నో పాత్‌కన్వ్ అనే వేరియబుల్‌కి 1 ఇచ్చి నడపండి, మధ్యలో అండర్‌స్కోర్లు ఉంటాయి.

రాత్రి బిల్డ్ పాసైన స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టాను. కింద ఆ పేజీలో లేని లైన్లన్నీ రాసి, సెట్‌ఎక్స్ ఇచ్చిన వార్నింగ్‌ని కూడా ఉన్నదున్నట్టు అతికించాను. పొద్దున్నకి లీడ్ 'ఓకే' అని పెట్టారు. కాల్‌లో నోరు మెదపని వాళ్లలో ఒకతను విడిగా మెసేజ్ చేశాడు, పోయిన నెల తనకీ ఇదే జరిగిందట, ఫార్మాట్ కొట్టేశాడట. పాత విండో ఏదైనా తెరిచి ఉందేమో చూసుకున్నావా అని అడిగాను. ఆ రోజు నాలుగు ఉన్నాయన్నాడు.