మిషన్ మీదే వచ్చే చలి

మొదటిసారి వణుకు వచ్చినప్పుడు ఏసీ ఎక్కువైందనుకున్నాను. డయాలసిస్ మొదలై అరగంట కూడా కాలేదు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, మంచం కదులుతోంది. రెండు దుప్పట్లు కప్పి, పారాసెటమాల్ ఇచ్చారు. ఇంటికొచ్చేసరికి అంతా మామూలే. రెండు రోజుల తర్వాత మళ్లీ మిషన్, మళ్లీ అదే చలి.

"ఇంట్లో రాని జ్వరం ఇక్కడే ఎందుకొస్తోంది?" అని మా ఆవిడ గట్టిగా అడిగాక డాక్టర్ గారు వచ్చారు. డయాలసిస్ కోసం మెడ దగ్గర రక్తనాళంలో పెట్టిన గొట్టం, అంటే కాథెటర్ లోపల బాక్టీరియా పాచిలా పట్టిందేమోనని ఆయన అనుమానం. మిషన్ రక్తాన్ని లాగి తోసేటప్పుడు అదంతా ఒంట్లోకి కొట్టుకుపోతుందట. పైన చీము, ఎరుపు లేకపోయినా ఇలా జరగొచ్చట. నేనేమో రోజూ అద్దంలో కట్టు చూసుకుని, శుభ్రంగానే ఉందని ధీమాగా ఉన్నాను!

యాంటీబయాటిక్ ఇవ్వకముందే బ్లడ్ కల్చర్ తీశారు, అంటే రక్తంలో ఏ క్రిమి పెరుగుతుందో చూసే పరీక్ష. మందు పడ్డాక తీస్తే ఏ క్రిమో తేలకపోవచ్చు. కాథెటర్ నుంచి ఒకటి, కుడి చేతి వెనక నరం నుంచి ఒకటి. ఎడమ చెయ్యి ఫిస్టులా కోసం (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ధమనినీ సిరనూ కలిపే ఆపరేషన్) దాచుకున్నది, దాన్ని ముట్టుకోనివ్వలేదు.

రిపోర్టు వచ్చేదాకా వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్, దానికి తోడు ఇంకో ఇంజెక్షన్. తేలింది స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. కాథెటర్ తీసేయాల్సిందే అన్నారు. దాని లోపల మందు నింపి ఉంచలేరా అని బతిమాలాను. కొన్ని క్రిములకైతే చూడొచ్చు గానీ ఇది గుండె కవాటాల మీద, వెన్నుపూసలో కూర్చునే రకం, కుదరదన్నారు. గుండెకు ఎకో స్కాన్ తీశారు, గుండె బాగానే ఉంది. మామూలు మందులకు లొంగే రకమే కావడంతో సెఫాజోలిన్ అనే యాంటీబయాటిక్‌కు మార్చి, డయాలసిస్ అయ్యాక ప్రతిసారీ ఎక్కించారు. నాకు నాలుగు వారాలు పట్టింది.

కాథెటర్ లేని ఆ రెండు రోజులు డయాలసిస్ ఉండదు కాబట్టి నీళ్లు గుక్కలు లెక్కపెట్టుకుని తాగాను. అంత టెన్షన్ ఆపరేషన్‌కు కూడా పడలేదు. మళ్లీ తీసిన కల్చర్‌లో ఏమీ లేదని తేలాకే కొత్తది పెట్టారు. ఫిస్టులా చేశారు గానీ అది ముదరడానికి, అంటే సూదులు గుచ్చేంత బలపడడానికి, రెండు మూడు నెలలు పడుతుంది.

అందాకా కాథెటర్ తెరిచేటప్పుడు నాకూ మాస్కు ఉండాలి, సిస్టర్‌కూ ఉండాలి. కాథెటర్ మూతులను క్రిములు చంపే మందుతో కనీసం 15 సెకన్లు రుద్దాలని చెప్పారు కాబట్టి మనసులో లెక్కపెడుతుంటాను. మొన్న ఒక సిస్టర్ ఎనిమిదికే ఆపేసింది. "ఇంకా ఏడున్నాయమ్మా" అన్నాను. నవ్వి, మళ్లీ మొదట్నుంచీ రుద్దింది.