నిక్కోలో పాడే డ్రాగన్, మామయ్యగారి చప్పట్లు

టోక్యోకి ఉత్తరాన ఉన్న గుళ్ల ఊరు నిక్కోలో ఆ డ్రాగన్ పాడేది మహా అయితే కొన్ని సెకన్లు. అది వినడానికి ఇంకా చీకటి ఉండగానే టోక్యోలో మేముండే నిషి-కసాయ్‌లో బయల్దేరి, అసాకుసాలో తోబు రైలెక్కి, మినమి-కురిహషిలో మారి, సగం దూరం నిలబడే వెళ్లాం. నవంబరు కదా, ఆకులు ఎర్రబడే కాలం. శుక్రవారమైనా సరే స్పేసియా ఎక్స్ అనే ఎక్స్‌ప్రెస్ రైల్లో ఒక్క సీటూ మిగల్లేదు. దొరికినా మామయ్యగారు ఎక్కనిచ్చేవారు కాదేమో. మామూలు రైలు చార్జీ మీద ఎక్స్‌ప్రెస్ కోసం దాదాపు రెండు వేల యెన్లు అదనమని చెప్పగానే, "అంటే వెయ్యి రూపాయల పైనే కదా అల్లుడుగారూ, గంట ముందు చేరి మనం చేసేదేముంది?" అన్నారు. దానికి జవాబు నా దగ్గర లేదు.

అసలు ఈ ప్రయాణం మా పాప పట్టుదల. అది ఆడే ఒక వీడియో గేమ్‌లో మబ్బుల పైన ఎక్కడో ఒక మహాజీవి తిరుగుతూ ఉంటుంది. పూర్తిగా ఎవరికీ కనపడదు. ఒకసారి తోక, ఒకసారి ఒక కన్ను, అంతే. పాట మాత్రం లోకమంతా వినిపిస్తుంది. "నిజంగా అలాంటిది ఉందా నాన్నా?" అని వారం రోజులు చంపింది. ఆఫీసులో ఒక జపాన్ మిత్రుడి దగ్గర ఈ గొడవ చెప్పుకుంటే నవ్వి, "నిక్కోలో ఉందిగా, కప్పు మీద" అన్నాడు. ఆ సమయానికి మామయ్యగారూ అత్తయ్యగారూ హైదరాబాదు నుంచి వచ్చి ఉన్నారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మా ఆవిడకి ఆఫీసు. చివరికి తాత, మనవరాలు, నేను తేలాం.

మామయ్యగారు ఇరిగేషన్‌లో ఏఈగా చేరి ఈఈగా రిటైరయ్యారు. ఏ కట్టడం చూసినా ముందు పునాది గురించి అడుగుతారు, తర్వాత టికెట్ గురించి.

తోబు-నిక్కో స్టేషన్ నుంచి గుళ్ల దాకా బస్సులున్నాయి. రెండు కిలోమీటర్లే కదా అని నడిపించారు. రోడ్డంతా ఎగువే. స్టేషన్ ఎదుటే యుబా మంజు వేడివేడిగా వేయిస్తున్నారు. సోయా పాల మీద కట్టే మీగడను యుబా అంటారు, నిక్కోకి అదే పేరు. దాన్ని కలిపిన పిండిలో తీపి బీన్స్ ముద్ద పెట్టి, నూనెలో వేయించి, పైన ఉప్పు చల్లి ఇస్తారు. అచ్చం పూర్ణం బూరే. మామయ్యగారు ఒకటి తిని, ఉప్పెందుకు చల్లారో అర్థం కాక ముఖం చిట్లించి, మళ్లీ ఇంకోటి తీసుకున్నారు. ఆ రోజు ఆయన ధర అడగని తిండి అదొక్కటే.

ఎర్రటి షిన్‌క్యో వంతెన మీద కాలు పెట్టాలంటే 300 యెన్లు. అదీ వెళ్లి మళ్లీ వెనక్కి రావడానికే. "అవతలికి తీసుకెళ్లని వంతెనకి టోలేమిటండీ?" అని ఆయన పక్కనున్న రోడ్డు బ్రిడ్జి మీద నుంచే ఫొటో తీసుకున్నారు. ఫొటో బాగానే వచ్చింది.

నిక్కోలోని పెద్ద గుడి తోషోగు గురించి ఎక్కువ రాయను, చూసినవాళ్లు చాలామంది రాశారు. జపానుని ఏలిన షోగన్ తొకుగవా ఇఎయాసు 1616లో పోయాక ఏడాదికి ఇక్కడ గుడి వెలిసింది. ఇప్పుడు కనిపించే బంగారం, రంగులు, చెక్కడాలు చాలావరకు మనవడు ఇఎమిత్సు 1636లో చేయించినవి. యోమెయిమోన్ ద్వారం మీదే ఐదు వందలకు పైగా శిల్పాలున్నాయి. గాంధీగారి బల్ల మీద చూసే మూడు కోతులు ఇక్కడ గుర్రాల సాల గోడ మీదున్నాయి. ముందూ వెనకా మరికొన్ని కోతుల బొమ్మలు కలిపితే ఒక జీవిత కథ అవుతుంది కానీ, జనం ఆ మూడింటి దగ్గరే ఫొటో దిగి కదిలిపోతారు. టికెట్ 1,600 యెన్లు, మన లెక్కలో తొమ్మిది వందల రూపాయల దరిదాపు. మామయ్యగారు ఆ తొమ్మిది వందలను పొద్దున్నుంచీ మనసులో మోస్తూనే ఉన్నారు.

యోమెయిమోన్ ఎక్కకుండా ఎడమకు తిరిగితే యకుషిదో వస్తుంది. హోంజిదో అని కూడా అంటారు. వైద్యరాజు బుద్ధుడి మందిరం అది. మా డ్రాగన్ ఉండేది అందులోనే. బయట పెద్ద క్యూ. మా ముందు పసుపు టోపీల స్కూలు పిల్లలు, బహుశా ఆరో తరగతి వాళ్లు. టోక్యో బడుల పిల్లలకి నిక్కో విహారయాత్ర ఒక ఆనవాయితీ. పైగా ఆ ఏడు, అంటే 2024, డ్రాగన్ సంవత్సరం. చెప్పులు విప్పి లోపలికి అడుగుపెడితే నేల చల్లదనం సాక్సుల్లోంచి మోకాళ్ల దాకా పాకింది. ఫొటోలు తీయకూడదు. మంచిదే అయింది, అందరూ తలెత్తి చూశారు.

కప్పు మీద ఆ మూల నుంచి ఈ మూల దాకా ఉంది అది. దాదాపు పదిహేను మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు. సిరా నలుపులో ఒళ్లంతా మెలికలు. కోరలున్న ముఖం, కిందికి దిగిన గోళ్లు, చుట్టూ పొగలాంటి మబ్బు. రెక్కల్లేవు. ఈ దేశాల డ్రాగన్లకి మామూలుగా రెక్కలుండవు, మబ్బుల్లో ఈదుకుంటూ పోతాయి, వానలు కురిపిస్తాయి. "మన నాగేంద్రుడే కదయ్యా" అన్నారు మామయ్యగారు. ఆయన అన్నది తప్పేమీ కాదు. బౌద్ధంతో పాటు మన నాగరాజులు చైనా వెళ్లి అక్కడి డ్రాగన్లతో కలిసిపోయారు, జపానుకి ఆ కలగలుపే వచ్చింది. చెక్క గుళ్ల కప్పుల మీద వీటిని గీయడంలో ఒక ఆశ కూడా ఉంది. వాన దేవుడు నెత్తిన ఉంటే నిప్పు అంటుకోదని. ఈ మందిరం మాత్రం 1961లో తగలబడిపోయింది. కనో యసునోబు గీసిన పాత డ్రాగన్ ఆ మంటల్లోనే పోయింది. ఇప్పుడున్నది తర్వాత మందిరాన్ని మళ్లీ కట్టినప్పుడు కతయామ నంపు అనే చిత్రకారుడు గీసింది. కాలిపోయిన డ్రాగన్‌ని మళ్లీ గీయడం ఒక ఎత్తు, మళ్లీ పాడేలా కప్పు కట్టడం ఇంకో ఎత్తు. ఈ రెండో సంగతి దగ్గర మామయ్యగారి కళ్లు మెరిశాయి. అంతదాకా ఆయనకి ఇదొక బొమ్మ, అంతే.

ఒక బౌద్ధ సన్యాసి వచ్చారు. చేతిలో రెండు చెక్క కడ్డీలు, గజ్జెలు లేని చిడతల్లాంటివి. జపనీస్‌లో గబగబా ఏదో చెప్పారు, రోజుకి ఎన్నిసార్లు చెబుతారో పాపం. ముందు డ్రాగన్ తలకి దూరంగా వెళ్లి కొట్టారు. ఠక్. అంతే, చెక్క చప్పుడు. ఎండిపోయి అక్కడే పడిపోయింది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత నాలుగు అడుగులు వేసి సరిగ్గా తల కిందికి వచ్చి మళ్లీ కొట్టారు.

ఠక్ అన్న చప్పుడు పూర్తవక ముందే పైన ఏదో మొదలైంది. రీ...న్ అని వణుకుతూ, గది మధ్యలో నిలబడి, సన్నబడుతూ, ఇంకా సన్నబడుతూ. అదే చెక్క, అదే చెయ్యి, లోహం మోగినట్టు మోగింది. పసుపు టోపీలన్నీ ఒక్కసారిగా "ఏఏఏ!" అన్నాయి. నాకు మెడ వెనక వెంట్రుకలు లేచాయి. దీని వెనకున్న కారణం ముందే చదువుకుని వెళ్లిన నాకే అలా అయిందంటే చూసుకోండి.

కారణం చెప్పుకోవాలంటే పెద్ద మాయేం లేదు. తల బొమ్మ ఉన్నచోట కప్పు కొద్దిగా పైకి వంగి ఉంటుంది. కింద చదునైన నేల. చప్పుడు ఆ రెంటి మధ్య చిక్కుకుని పైకీ కిందికీ పరుగులు పెడుతుంది. ఒక్కో ప్రతిధ్వనిని విడిగా పట్టుకునేంత తీరిక చెవికి ఉండదు కాబట్టి, అన్నీ కలిసి ఒక మోతలా వినిపిస్తాయి. తల దాటి పక్కకి వెళ్తే చప్పుడు చెదిరిపోతుంది. రెండు సమాంతర తలాల మధ్య వచ్చే ఇలాంటి ప్రతిధ్వనికి జపాన్ ఇంజినీర్లు పెట్టుకున్న పేరే 'నకిర్యూ'. ఈ డ్రాగన్ పేరే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిందన్నమాట. ఇదంతా నేను గుసగుసగా చెబుతుంటే మామయ్యగారు వినడం లేదు. రెండు చేతులూ పైకెత్తారు. చప్పట్లు కొట్టబోతున్నారు!

పక్కన నిలబడ్డ ఒక పెద్దావిడ, అక్కడి మనిషే అనుకుంటా, చిరునవ్వుతో తల అడ్డంగా ఊపింది. ఇక్కడ సన్యాసి తప్ప ఎవరూ చప్పుడు చేయకూడదు. అందరూ మొదలుపెడితే వినేదెవరు, న్యాయమే. మామయ్యగారు చేతులు దించి, వాటిని నమస్కారంగా మార్చేశారు. ఇరిగేషన్‌లో అన్నేళ్ల సర్వీసు ఊరికే పోలేదు.

బయటికొచ్చాక ఆయన బాధ బయటపడింది. "మా కాలేజీ రోజుల్లో గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం కింద నేను చప్పట్లు కొడితే, పైన బాలా హిస్సార్‌లో నిలబడ్డ మా వాళ్లకి వినపడింది. కిలోమీటరు దూరమయ్యా! పాతిక రూపాయల టికెట్‌కి ఇప్పటికీ ఎవడైనా కొట్టుకోవచ్చు. ఇక్కడేమో తొమ్మిది వందలు తీసుకుని చేతులు కట్టేసుకోమంటారు." నేను కోటను వెనకేసుకు రాలేదు, డ్రాగన్‌నీ వెనకేసుకు రాలేదు. కానీ నడుస్తుంటే ఒకటి తోచింది. గోల్కొండలో చప్పుడు ఒక వార్త. శత్రువు వచ్చాడనో, చుట్టం వచ్చాడనో పైకి చేరాలి, చేరితే పని అయిపోయింది. అందుకే అక్కడ గైడ్లు, పిల్లలు, కొత్త పెళ్లి జంటలు రోజంతా కొడుతూనే ఉన్నా ఏమీ చెడదు. ఇక్కడ చప్పుడు ఎక్కడికీ చేరనక్కర్లేదు. ఉన్నచోటే తిరగాలి. దానికి మిగతావాళ్లంతా నోరు మూసుకోవాలి. రెండూ నాకు నచ్చాయి, కానీ హైదరాబాదువాడిగా నా ఓటు చప్పట్లకే.

ఈలోగా పాప తన తీర్పు చెప్పింది. "అది పాడలేదు నాన్నా. ఏడ్చింది."

"పాటేనే తల్లీ" అన్నారు తాతయ్య.

"కాదు. దూరంగా కొట్టినప్పుడు ఏం అనలేదు. దగ్గరికొచ్చి కొడితే ఏడ్చింది. నిన్ను కొడితే నువ్వు పాడతావా?"

ఈ వాదన తేల్చడానికి మళ్లీ క్యూలో నిలబడ్డాం. లోపలికి వెళ్లాక పాప కళ్లు మూసుకుని విన్నది. మామయ్యగారు మాత్రం కప్పు అంచు నుంచి మధ్యకి వంపు ఎంత ఉందో కంటితో కొలిచే ప్రయత్నం చేశారు. నేను ఈసారి డ్రాగన్‌ని కాకుండా జనాన్ని చూశాను. మొదటి దెబ్బకి అందరి చూపూ సన్యాసి చేతుల మీదే. రెండో దెబ్బకి అన్ని తలలూ ఒకేసారి పైకి లేచాయి. పై నుంచి ఎవరో పిలిస్తే చూసినట్టే. మోత గది అంతటా ఉంది, అయినా ఒక్కరు కూడా నేల వైపు చూడలేదు. అక్కడ ఆ బొమ్మ లేకపోతే ఇది ఉట్టి ప్రతిధ్వని అయ్యేది. బయటికొచ్చే దారిలో అదే స్వరం పలుకుతుందని చెప్పే చిన్న గంటలు అమ్ముతున్నారు. పాప ఒకటి చెవి దగ్గర ఊపి చూసి, "ఇది నవ్వుతోంది, వేరే" అని పెట్టేసింది. నా జేబు బతికింది.

ఇఎయాసు సమాధికి ఇంకా 207 మెట్లున్నాయి. నిద్రపోయే పిల్లి బొమ్మ చూసి అక్కడే ఆగిపోయాం.

భోజనం సంగతి వేరే కథ. మామయ్యగారు శాకాహారి. యుబా అంటే సోయాయే కదా అని ధైర్యంగా ఒక చిన్న హోటల్లోకి వెళ్లాం. మెనూలో అంతా యుబాయే. అడిగితే తెలిసింది, ఆ యుబా ఉడికేది చేప ముక్కలు కాచిన నీళ్లలో. సోబా అనే నూడుల్స్ పులుసూ అదే. ఆ అమ్మాయి ఎంతో నొచ్చుకుని, వంటగదికి రెండుసార్లు వెళ్లొచ్చి, చివరికి పచ్చి యుబా చుట్ట, కాస్త సోయా సాస్, అన్నం, ఊరబెట్టిన ముల్లంగి తెచ్చిపెట్టింది. పచ్చి యుబా మెత్తగా, కమ్మగా ఉంది. దానికి వేసిన బిల్లు మాత్రం పూర్తి భోజనానిది. మామయ్యగారు సంచిలోంచి చింతకాయ పచ్చడి సీసా తీశారు. ఆ అమ్మాయి దూరం నుంచి కుతూహలంగా చూసింది. రుచి చూపిద్దామనుకున్నాను, కారం సంగతి గుర్తొచ్చి మానుకున్నాను.

సాయంత్రం దిగుతూ తాతా మనవరాలూ చప్పట్ల మీద పడ్డారు. రాతి గోడల పక్కన, దేవదారుల్లాంటి చెట్ల మధ్య, స్టేషన్ మెట్ల దగ్గర. చెట్ల మధ్య చప్పుడు దూదిలో పడ్డట్టు మాయమైంది. ఒక సన్నటి సందులో, రెండు కాంక్రీటు గోడల మధ్య మాత్రం టిర్రుమని చిన్నగా తిరిగింది. మామయ్యగారు అక్కడే ఆగిపోయి ఒక అడుగు ముందుకీ, ఒక అడుగు వెనక్కీ వేస్తూ కొడుతున్నారు. దారిన పోయేవాళ్లు మర్యాదగా పక్కకి తప్పుకున్నారు. నాకు కాస్త సిగ్గేసింది, కానీ ఆయన ముఖం చూస్తే ఆపబుద్ధి కాలేదు.

రైలు రావడానికి ఇంకా టైముంది. ప్లాట్‌ఫారం మీదే అత్తయ్యగారికి ఫోన్ కలిపాం.

"ఏమే, పాడింది!" అన్నారు మామయ్యగారు. "చెక్క ముక్కతో కొడితే కంచు మోగినట్టు మోగింది."

పాప ఫోన్ లాక్కుంది. "కాదు అమ్మమ్మా, ఏడ్చింది. తాతయ్యకి తెలీదు."

"ఏదో ఒకటిలే, ఇంతకీ ఆయన ఏమైనా తిన్నారా లేదా?" అని అటునుంచి వినపడింది.

మామయ్యగారు ఫోన్ వెనక్కి తీసుకుని, ముల్లంగి ముక్కల దగ్గర మొదలుపెట్టారు. ఆ బిల్లు కథ ముగిసేసరికి మా రైలు వచ్చి నిలబడింది.