గోపాల్‌పూర్‌లో వేట లేని రెండు రోజులు

సెప్టెంబరు ఆఖరి వారంలో సముద్రం ఒడ్డుకు ఎవరైనా వెళ్తారా అని ఇంట్లో అడిగారు. సెలవు దొరికింది, లాడ్జిలు కూడా చవగ్గా ఉన్నాయి, ఇంకేం కావాలని ఒడిశాలోని బరంపురానికి టికెట్ తీసేశాను. ఎందుకంత చవకో రెండో రోజు రాత్రి తెలిసింది. పైకప్పు కారింది, అదీ సరిగ్గా తలగడ మీదే.

రైలు ఇచ్ఛాపురం దాటగానే బోర్డులు ఒడియాలోకి మారిపోతాయి గానీ మాట అంత తొందరగా మారదు. బరంపురంలో ఆటో అతను నాతో తెలుగులో బేరమాడాడు, పక్క ఆటో వాడితో ఒడియాలో జోకులేశాడు, ఫోన్లో ఎవరినో హిందీలో తిట్టాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ గంజాం జిల్లా అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా. బరంపురం నుంచి గోపాల్‌పూర్ 15-16 కిలోమీటర్లు ఉంటుంది. లైట్‌హౌస్, రొయ్యలు వేయించే బళ్లు, ఒకప్పుడు రంగూన్‌కి ఓడలు వెళ్లిన పాత రేవు తాలూకు స్తంభాలు, అన్నీ ఒక సాయంత్రంలో అయిపోతాయి. నాకు నచ్చింది ఆ పక్కనున్న జాలరిపేట.

ఇక్కడి జాలర్లని, వాడబలిజల్ని ఒడియా వాళ్లు నోలియాలంటారు. ఇళ్లలో మాత్రం తెలుగే, మన శ్రీకాకుళం యాస. మర్నాడు పొద్దున్న ఆరింటికి వెళ్తే పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ముప్పై నలభై ఫైబర్ పడవలు, వెనక ఇంజన్లు విప్పేసి, ఇసకలో పైదాకా లాగేసి ఉన్నాయి. వాన లేదు, గాలీ పెద్దగా లేదు, కాస్త ఎండ కూడా వచ్చింది. మరి ఎందుకు వెళ్లలేదో అర్థం కాలేదు. పడవ నీడలో వల ముందేసుకుని కూర్చున్న ఒక తాతని అడిగాను.

"గాలి ఇక్కడ నేదు బాబూ. అక్కడుంది," అని గడ్డంతో సముద్రం వైపు చూపించాడు. "కెరటం ముందొచ్చి కబురు చెప్తది."

నిజమే. ఎక్కడో నడి సముద్రంలో వాయుగుండం పట్టిందంటే, దాని కంటే ముందే అది లేపిన పొడుగాటి అలలు వందల కిలోమీటర్లు ప్రయాణించి ఒడ్డుకి వచ్చేస్తాయి. ఆకాశం చూసి వాతావరణం బాగుందనుకునే నాలాంటి వాళ్లు మోసపోయేది ఇక్కడే. పైగా ఈ పేటకి హార్బరు లేదు, పడవని నేరుగా కెరటాల్లోకి తొయ్యాలి. పెద్ద కెరటాలు వరసగా కొన్ని వచ్చి విరిగాక కాసేపు చిన్నవి వస్తాయట, ఆ సందులోనే పడవని నీళ్లలోకి తోసి, ఇంజన్ అందుకుని, మళ్లీ పెద్దవి లేచేలోపు అవతల పడాలి. ఇవాళ ఆ సందే దొరకట్లేదన్నాడు తాత. నేను అరగంట కూర్చుని లెక్కపెట్టాను. నాకైతే అన్నీ ఒకేలా కనిపించాయి.

ఈలోగా పది పన్నెండేళ్ల మనవడు ఫోన్ పట్టుకొచ్చాడు. ఒడియాలో మెసేజ్. వాడు ఒడియా మీడియం, అక్షరాలు చకచకా చదివేసి తాతకి తెలుగులో చెప్పాడు: అలలు మూడు మీటర్ల దాకా లేస్తాయి, వేటకి వెళ్లొద్దు, గోపాల్‌పూర్ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. అలల ఎత్తు ఎవరు చెప్తారని అడిగితే హైదరాబాద్ ఆఫీసు అన్నాడు. ఇన్‌కాయిస్, అదే సముద్రం సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ! నేనుండేది నిజాంపేటలో, ప్రగతినగర్‌లో ఆ ఆఫీసు గేటు ముందు నుంచే రోజూ వెళ్తుంటాను. లోపల ఏం చేస్తారో తెలుసుకోవడానికి ఇంత దూరం రావాల్సి వచ్చింది.

మెసేజ్ విని తాత తల కూడా ఎత్తలేదు, పని చేసుకుంటూనే ఉన్నాడు. కాలి బొటనవేలికి వల తగిలించి బిగించి లాగుతాడు, పీతలు కొరికిన చోట తెగిన దారాలు కోసేస్తాడు, నైలాన్ దారం ఎక్కించిన ప్లాస్టిక్ సూదితో కొత్త కన్ను వేస్తాడు. ప్రతి కన్నుకీ చూపుడు వేలు, మధ్య వేలు కలిపి లోపల దూర్చి కొలుస్తాడు. వేళ్లు బిగుతుగా పట్టాలి, వదులుగా ఉంటే ముడి విప్పేసి మళ్లీ మొదలు. ఆ బొటనవేలి సందులో దారం ఒరుసుకుని ఒక గాడి పడిపోయింది. వేట లేనంత మాత్రాన పని లేనట్టు కాదని అది చూస్తే తెలిసింది, అయితే ఈ పనికి డబ్బులివ్వరు. ముందే అడ్వాన్సు ఇచ్చిన షావుకారు రాసుకునేది పడ్డ చేపలనే, బాగు చేసిన వలల్ని కాదు.

"అక్టోబరు దాకా తుఫానంటారు, నవంబరు నుంచి తాబేలంటారు, ఏప్రిల్లో బ్యానంటారు. సేప ఎప్పుడు పట్టాలో అది కూడా ఫోన్లో పెట్టమనండి," అన్నాడు. ఆయన కోపంలో న్యాయముంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బ్యాను ట్రాలర్లలాంటి పెద్ద మరపడవలకే గానీ, ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. తాబేళ్లు బతకాలి, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఒప్పుకోవడానికి నాకేం ఖర్చవ్వలేదు కదా.

తుఫాను మాట వస్తే చాలు, పేటంతా తేదీలు చెప్తుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తీరం దాటింది ఇక్కడే. ఒడిశాలో సుమారు 10 లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు కాబట్టి అంత గాలికీ ప్రాణాలు దక్కాయి. వీళ్లు తిరిగొచ్చేసరికి తాత ఇంటికి కప్పు లేదు, పడవేమో సరుగుడు తోటలో చెట్లకి ఆనుకుని నిలబడి ఉందట. సరిగ్గా ఏడాదికి హుద్‌హుద్ విశాఖ మీద పడింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. దసరా వస్తోందంటే మనకి కొత్త బట్టలు గుర్తొస్తాయి, ఇక్కడ టెన్షన్ మొదలవుతుంది.

మధ్యాహ్నం ఒకావిడ టార్పాలిన్ మీద నెత్తళ్లు ఎండబెట్టుకుంటూ, "ఎండకి అడ్డంగా నిలబడ్డావేటి నాయనా, జరుగు," అని కసిరింది. మబ్బు పట్టేలోపు ఉన్న ఎండంతా ఆవిడకి కావాలి. అరకిలో ఎండునెత్తళ్లు కొన్నాక కాస్త మెత్తబడి, వంకాయలో వేసి వండుకోమని, ఉప్పు మాత్రం చివర్న చూసుకోమని చెప్పింది.

ఆ రాత్రే వాన, తలగడ కథ. మర్నాడంతా ముసురు.

ఆ తర్వాత రోజు తెల్లవారుజామున నాలుగింటికి పేటలో అరుపులు. వాయుగుండం ఎటో పైకి వెళ్లిపోయింది. తాత వేటకి వెళ్లడం మానేసి చాలా ఏళ్లయింది, అయినా మోకాలి లోతు నీళ్లలో నిలబడి చీకట్లోకి చూస్తున్నాడు. ఐదుగురు పడవ అంచు పట్టుకుని ఆయన నోటి వైపు చూస్తున్నారు. ఒకటి విరిగింది, ఇంకోటి, ఇంకోటి. "తొయ్!" అన్నాడు. పడవ ముక్కు నిట్టనిలువుగా లేచి దబ్బున పడింది, ఇంజన్ అందుకుంది, అంతే, లైటు ఒక్కటే కనిపించింది. నా పాంటు మోకాళ్ల దాకా తడిసిందని అప్పుడు చూసుకున్నాను.

పదింటికి తిరిగొచ్చారు. ఎక్కువగా కవళ్లు, ఒక బుట్ట కానాగంతలు, వంజరం ఒక్కటే. వేలం పాట రెండు నిమిషాల్లో అయిపోయింది, వచ్చింది డీజిల్‌కి సరిపోతుందన్నారు.

బయల్దేరుతుంటే మనవడు చెయ్యి పట్టుకుని పడవ దగ్గరికి లాక్కెళ్లాడు. పక్కన వెలిసిపోయిన ఎర్ర రంగులో తెలుగు అక్షరాలు.

"ఏటి రాసుందో సదవండి."

"గంగమ్మ తల్లి."

వాడు తాత వైపు తిరిగాడు. "నిజమే చెప్పావు తాతా!"

"నాకు మాత్రం సదువొచ్చేటి," అన్నాడు తాత, వల మడత పెడుతూ. "రంగేసినోడు అదే చెప్పాడు, నమ్మీసాను."