చీర బాగుందా అంటే ఉప్పెక్కువైంది అన్నాను

మూడేళ్ల కిందట, సంక్రాంతి ముందు చలి గట్టిగా పడిన ఒక రాత్రి మా ఆవిడ లేచి ఫ్యాన్ కట్టేసింది. నిమిషం కాలేదు, ఎక్కడో కీచురాయి అరవడం మొదలైంది. ముషీరాబాద్‌లో మూడో అంతస్తులో కీచురాయి ఏమిటని లేచి కిటికీ మూశాను, సెట్‌టాప్ బాక్స్ ప్లగ్గు పీకాను, ఫ్రిజ్‌కు చెవి ఆనించి విన్నాను, ఆఖరికి బాత్రూంలోకి పోయి తలుపేసుకుని నిలబడితే అక్కడ ఇంకా గట్టిగా వినిపించింది. మా ఆవిడ నిద్రమత్తులోనే "నాకేం వినపడట్లేదండీ, వచ్చి పడుకోండి" అంది. పడుకున్నాను గానీ తెల్లారేదాకా కళ్లు తెరుచుకునే ఉన్నాను.

దీన్ని టినిటస్ అంటారని తర్వాత తెలిసింది. మా అమ్మయితే "చెవుల గుయ్‌మంటుందారా" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. కొందరికి ఈలలా, కొందరికి కుక్కర్లోంచి ఆవిరి పోతున్నట్టు, కొందరికి సముద్రం హోరులా ఉంటుందట. నాది కీచురాయే, రెండు చెవుల్లోనూ, ఎడతెరిపి లేకుండా. బయట ఏమీ లేకుండానే వినపడుతోంది కాబట్టి మనకే ఏదో అయిందేమోనని భయం, ఎవరికైనా చెబితే నవ్వుతారని ఇంకో భయం. రెండు నెలలు బయట ఎవరితోనూ అనలేదు.

నా పని గురించి చెప్పకపోతే ఇది సగమే అర్థమవుతుంది. ఒక దినపత్రిక ప్రెస్సులో 24 ఏళ్లు మెషిన్ మీద పనిచేశాను, ఎక్కువగా రాత్రి డ్యూటీ. జిల్లా ఎడిషన్లు అయిపోయి సిటీ ఎడిషన్ ఎక్కేసరికి ఒంటిగంట దాటేది, ఇక మెషిన్ ఆగేదాకా పక్కవాడికి ఏం చెప్పాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. చెయ్యి చాపినంత దూరంలో ఉన్న మనిషితో గొంతెత్తితే తప్ప మాట్లాడలేకపోతే అక్కడి చప్పుడు చెవికి చేటేనని ఒక లెక్క. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు, ఆపైన మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ టైమ్ సగమవుతుంది, అంటే 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండే. మాకు ఇయర్‌మఫ్‌లు ఇచ్చారు, అబద్ధమెందుకు. లాకర్లో పడుండేవి. అవి పెట్టుకుంటే మెషిన్ మాట వినపడదని మా వాదన. పేపర్ తెగే ముందు, బేరింగ్ పట్టేసే ముందు చప్పుడు కొద్దిగా మారుతుంది, పాతకాపులు ఆ మార్పు చెవితోనే పట్టేసేవాళ్లు. నేనూ నాలుగైదుసార్లు పట్టాను, ఆ గొప్ప కోసం దూది కూడా పెట్టుకునేవాణ్ణి కాదు. (దూది పెట్టినా ఆగేది అంతంతమాత్రమే అనుకోండి.)

ఇక వైద్యాలు. మొదట గోరువెచ్చని కొబ్బరినూనె, అది అమ్మ వైద్యం. తర్వాత ఒక క్లినిక్‌లో నరాల బలానికని జింకో (ఒక చెట్టు ఆకుల సారం) మాత్రలు రాశారు, నాలుగు నెలలు మింగాను. టినిటస్‌కి జింకో, జింక్, మెలటోనిన్ లాంటివి వాడొద్దని అమెరికా ఇ.ఎన్.టి. డాక్టర్ల సంఘం 2014లోనే తన మార్గదర్శకాల్లో చెప్పిందని మా అమ్మాయి చదివి చెప్పేసరికి ఆరేడు వేలు ఖర్చయిపోయాయి, కీచురాయి మాత్రం ఉన్నచోటే ఉంది.

ఈలోగా ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది. ఉప్పల్‌లో చుట్టాల పెళ్లికి బయల్దేరుతుంటే మా ఆవిడ లోపలినుంచి వచ్చి ఏదో అడిగింది, నాకు "కూర బాగుందా" అని వినపడింది. బాగుంది, ఉప్పే కాస్త ఎక్కువైంది అన్నాను. ఆమె అడిగింది చీర గురించి. వెటకారం చేశాననుకుని ఉప్పల్ చేరేదాకా మాట్లాడలేదు. ఇలాంటివి వారానికి నాలుగు. ప్రతిసారీ నా జవాబు ఒకటే, "ఈ చెవిలో జోరీగ అడ్డం పడుతోంది, అందుకే నీ మాట వినపడట్లేదు." నిజంగా అలాగే నమ్మాను.

ఆఖరికి కోఠి ఇ.ఎన్.టి. ఆస్పత్రి ఓపీకి పోయాను. డాక్టరు గారు లైటు వేసి చూసి, కొంచెం గులిమి తీయించి, కర్ణభేరి బాగానే ఉంది, ముందు వినికిడి పరీక్ష చేయించుకో అన్నారు. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి కూర్చోబెట్టారు, కూత వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. సన్నని కూతల దగ్గరికి వచ్చేసరికి ఏది వాళ్ల కూతో, ఏది నా కీచురాయో తేల్చుకోలేక అడ్డదిడ్డంగా నొక్కుతున్నాను. పరీక్ష చేస్తున్న అమ్మాయి కనిపెట్టి, కూత తెగి తెగి వచ్చేలా మార్చింది. అప్పుడు తేడా తెలిసింది, ఎందుకంటే నాది తెగదు.

గ్రాఫ్ చూపించింది. అందులో హెర్ట్జ్ శబ్దం ఎంత సన్నగా ఉందో చెప్పే లెక్క; డెసిబెల్స్ అంకె పెరిగేకొద్దీ గీత కిందికి దిగుతుంది, అంటే అంత గట్టిగా మోగిస్తే గానీ నాకు వినపడదని. మందమైన శబ్దాలు, అంటే 1000 హెర్ట్జ్ దాకా, గీత బాగానే ఉంది. 2000 దగ్గర 35 డెసిబెల్స్‌కి దిగింది, 4000 దగ్గర 65కి పడిపోయింది, 8000 దగ్గర మళ్లీ 50కి లేచింది. "4000 దగ్గర ఇలా గుంట పడిందంటే చప్పుడులో పనిచేసిన చెవి అంకుల్" అంది, నేనింకా ప్రెస్సు సంగతి చెప్పనే లేదు. తర్వాత రకరకాల కూతలు వినిపించి "మీ కీచురాయి ఇలా ఉంటుందా, ఇలా ఉంటుందా" అని అడిగింది. 6000 దగ్గర దొరికింది, అచ్చు అదే. వినికిడి ఎక్కడ పోయిందో అక్కడే మోత మోగడం మామూలేనట. ఎంత గట్టిగా ఉందో కూడా కొలిచింది. ఆ 6000 దగ్గర నాకు అతి చిన్నగా ఎంత వినపడుతుందో, దానికన్నా ఏడు డెసిబెల్స్ ఎక్కువ, అంతే. నేను నమ్మలేదు, నా నిద్రంతా మింగేసిన చప్పుడు ఇంతేనా అని. చాలామందికి అంతే ఉంటుందట, బాధ వేరు, చప్పుడు సైజు వేరు అంది.

లోపల జరిగేది నాకు అర్థమైనంతవరకు ఇది. లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే భాగంలో, ఒక్కో చెవికి సుమారు 15 వేల వెంట్రుక కణాలుంటాయి. చచ్చినవి మళ్లీ మొలవవు. సన్నని శబ్దాలు పట్టేవి గుమ్మం దగ్గరే ఉంటాయి, ముందు పోయేవీ అవే. అక్కడినుంచి కబురు రావడం తగ్గేసరికి మెదడు ఊరుకోదు, తన వైపునుంచి వాల్యూమ్ పెంచుకుంటూ పోతుందని ఎక్కువమంది శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. మా ప్రెస్సు భాషలో చెప్పాలంటే, అచ్చు పల్చగా పడుతోందని ఇంకు తిప్పుతూ పోతే కొంతసేపటికి నీళ్లూ ఇంకూ లెక్క తప్పి, ఏమీ ఉండకూడని తెల్ల జాగాలో కూడా మసి దిగుతుంది చూడండి, అదే. అంటే నేను చెప్పుకుంటూ వచ్చింది తలకిందులు. కీచురాయి అడ్డుపడి మాట వినపడకపోవడం కాదు, వినికిడి తగ్గినందుకే కీచురాయి పుట్టింది. చీర కూర అవడం కూడా ఆ గ్రాఫ్‌లోనే ఉంది. "ఈ"ని "ఊ"నుంచి వేరు చేసేది 2000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నని భాగం, "చ" అయితే ఇంకా పైన. అవి రెండూ నాకు అందట్లేదు.

ఇంకో సంగతి కూడా ఆ అమ్మాయే చెప్పింది. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు, వినికిడి బాగున్న 80 మందిని చప్పుడు చొరబడని గదిలో ఐదేసి నిమిషాలు కూర్చోబెడితే 94 శాతం మంది ఏదో ఒక మోత వినపడిందన్నారట. పిచ్చేమో అన్న భయం ఆ రోజుతో పోయింది.

చెవి మిషన్ పెట్టుకోండి అంటే మాత్రం ఎదురు తిరిగాను. నాకు చప్పుడుందని వస్తే చెవుడుందంటారేమిటని. వారం ట్రయల్ ఇస్తారు, నచ్చకపోతే ఇచ్చేయండని మా అమ్మాయి బయట ఒక సెంటర్‌కి తీసుకుపోయింది. చెవి వెనక చిక్కుడుగింజంత మిషన్, సన్నని వైరు, చెవిలోకి పోయే చివర బుజ్జి సిలికాన్ టోపీ. నా గ్రాఫ్ ప్రకారం సన్నని శబ్దాలనే పెంచారు, మందమైన వాటిని ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున పేపర్ విప్పాను, చేతిలో పటపటమంది. ఉలిక్కిపడ్డాను. రాత్రికి లక్షల కాపీలు దింపినవాణ్ణి, పేపర్‌కి చప్పుడుంటుందన్న సంగతే మర్చిపోయాను. మడత పెట్టి మళ్లీ విప్పాను. పోపులో ఆవాలు, నా చెప్పులు, స్కూటర్ ఇండికేటర్ టిక్కుటిక్కు, అన్నీ వచ్చి మీద పడ్డాయి. రెండో రోజు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సిగ్నల్ దగ్గర హారన్లకు తల పగిలిపోయి మిషన్లు పీకి జేబులో వేసుకున్నాను. మూడుసార్లు పోయి సరిచేయించుకుంటే గానీ కుదురుకోలేదు, ఇది ముందే తెలుసుకుని కొనండి, పెట్టిన రోజే సుఖంగా ఉంటుందనుకుంటే డబ్బాలో పెట్టేస్తారు.

కీచురాయి ఎప్పుడు వెనక్కి జరిగిందో చెప్పలేను. మూడో వారంలో మా ఆవిడ "ఎలా ఉందండీ చెవి" అంటే దాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది. వెతికితే ఉంది. బయటి చిన్న చప్పుళ్లు వచ్చి చుట్టూ చేరితే అది వాటిలో కలిసిపోతుంది, పోయిన కబురు మళ్లీ అందుతుంటే మెదడుకు అంత లాగి వినాల్సిన పని తగ్గుతుంది, మాట కోసం ముఖాలు చూస్తూ అలిసిపోవడమూ తగ్గుతుంది. వినికిడి లోపం, బాధపెట్టే టినిటస్ రెండూ ఉన్నవాళ్లకు చెవి మిషన్ కోసం పరీక్ష చేయించమని పైన చెప్పిన 2014 మార్గదర్శకాల్లోనే ఉంది. మాయం చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. వినికిడి సరిగ్గా ఉన్నవాళ్లకు దీనితో పెద్ద పనిలేదు. మోత వల్ల టెన్షన్ పెరిగి, ఆ టెన్షన్‌తో మోతే లోకమైపోయినవాళ్లకు సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి ఉంది, బాధ తగ్గించడంలో దానికి మంచి రుజువులే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో రెండు వేలకు దొరికే యాంప్లిఫయర్లలో మా తమ్ముడు ఒకటి తెప్పించాడు, అది అన్నిటినీ ఒకేలా పెంచి మిక్సీని చెవిలో పెట్టినట్టు చేసింది.

మిషన్ దాకా పోకముందే పరుగెత్తాల్సిన సందర్భాలున్నాయి. ఒక్క చెవిలోనే మోత ఉంటే, గుండె కొట్టుకున్నట్టు దబ్‌దబ్‌మని వస్తుంటే డాక్టరుకు చూపించాలి. పొద్దున లేచేసరికి ఒక చెవి వినపడకుండా పోతే ఆ రోజే పోవాలి, స్టెరాయిడ్ మందులు తొందరగా మొదలుపెడితేనే ఫలితం. కొన్ని మందులూ చెవిని దెబ్బతీస్తాయి, మా మేనమామకు టీబీకి వేసిన స్ట్రెప్టోమైసిన్ సూదులతోనే వినికిడి పోయింది.

రెండు చెవులకు కలిపి నాకు 78 వేలయింది, అంత పెట్టలేనివాళ్లు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రంలో అడగండి. వినికిడి, మాట లోపాల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థే, ఆదాయ పరిమితిలో ఉన్నవాళ్లకు ఏడిప్ అనే, వికలాంగులకు పరికరాలిచ్చే పథకం కింద మిషన్లు ఉచితం. ఆ పేరున్న ఆయన మన హైదరాబాదీయే, ఉస్మానియాకు వైస్ చాన్సలర్‌గా చేశారు. బ్యాటరీ మార్చే రకం మిషన్ తీసుకుంటే, కొత్త బ్యాటరీ మీది స్టిక్కర్ పీకాక నిమిషం గాలి తగలనిచ్చి వేయండి, ఎక్కువ రోజులు వస్తుంది. మే నెల చెమటకు రాత్రిపూట సిలికా జెల్ డబ్బాలో పెట్టడం తప్పదు.

చిక్కల్లా ఆ రాత్రిపూటే. మిషన్లు తీసి డబ్బాలో పెట్టగానే కీచురాయి హాజరు. అందుకని మా ఇంట్లో డిసెంబర్, జనవరిలో కూడా ఫ్యాన్ ఒకటి మీద తిరుగుతూనే ఉంటుంది. మా ఆవిడ మొన్ననే పోయి తనకొక్కతికే మందపాటి రగ్గు కొనుక్కొచ్చుకుంది.