హికరీ ట్రాక్‌లో 1937 కూపేతో ఒక శనివారం

మా పక్కింటి పెద్దాయన గ్యారేజీలో 1937 నాటి షెవర్లే కూపే, అంటే రెండు తలుపుల కారు, ఒకటి ఉంది. ఫెండర్లు తీసేసి, కారు బోల్తాపడినా డ్రైవరుకు దెబ్బ తగలకుండా లోపల ఇనుప పైపులతో రోల్ కేజ్ కట్టి, దాన్ని ఇప్పటికీ పాత కార్ల రేసుల్లో నడుపుతారు. అమెరికాలో నార్త్ కరోలినాలోని షార్లెట్‌కు వచ్చాక టీవీలో పెద్ద నాస్కార్ కారు రేసులు చాలా చూశాను గానీ, చిన్న ఓవల్ (కోడిగుడ్డు ఆకారం) ట్రాక్ లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఈసారి హికరీలో రేసు ఉంది, టైర్ల పని చూసుకోవడానికి ఒక మనిషి కావాలని ఆయన అడిగితే వెంటనే ఒప్పుకున్నాను.

హికరీ మాకు గంట దూరం. ట్రాక్ 1951లో మొదలైంది. అప్పట్లో మట్టి ట్రాక్, తర్వాత తారు వేశారు. ఇప్పుడు ఒక చుట్టు 0.363 మైలు, అంటే 600 మీటర్లు కూడా ఉండదు. పేరున్న రేసు డ్రైవర్లు నెడ్ జారెట్, డేల్ ఎర్న్‌హార్ట్ తండ్రి రాల్ఫ్, జూనియర్ జాన్సన్ అందరూ ఇక్కడ పోటీపడ్డవాళ్ళే. జాన్సన్ ఇంట్లో దొంగసారా వ్యాపారం ఉండేది. 1956లో సారా బట్టీ దగ్గర దొరికి ఆయన జైలుకు కూడా వెళ్ళారు. ముప్పై ఏళ్ళ తర్వాత, 1986లో, అధ్యక్షుడు రీగన్ క్షమాభిక్ష ఇచ్చారు. పాత కూపేలకు ఈ చరిత్రతో దగ్గరి సంబంధం ఉంది. బయటికి మామూలు కారులా కనిపిస్తూ, సరుకు బరువుకు వెనక కుంగకుండా గట్టి స్ప్రింగులు, తరుముతున్నవాళ్ళకు అందకుండా బలమైన ఇంజను వేసుకున్న కార్లు రాత్రిళ్ళు ఈ కొండదారుల్లో తిరిగేవి. పగలు అలాంటి కార్లే పందేలకు వచ్చాయి.

రేసు కార్లు నిలిపి సరిచేసుకునే చోటు పిట్. దాని గేటు దగ్గర పని తొందరగానే అయింది. డబ్బు కట్టి, ప్రమాదం జరిగితే బాధ్యత మాదేనని ఉన్న కాగితం మీద సంతకం పెడితే చేతికి బ్యాండ్ వేశారు. అసలు టెన్షన్ ఇన్‌స్పెక్షన్ దగ్గర.

హెల్మెట్ మీద భద్రతా పరీక్షలో నెగ్గిందని చెప్పే స్నెల్ స్టిక్కర్, సీటు బెల్టుల మీద తేదీ, మంటలు ఆర్పే సిలిండర్ చూశారు. బ్యాటరీ పట్టీని చేత్తో లాగారు. ముందు చక్రాలు పట్టుకుని ఊపారు. రేడియేటర్‌లో ఉత్త నీళ్ళే ఉన్నాయా అని అడిగారు. కూలెంట్ ట్రాక్ మీద ఒలికితే నున్నగా జారుతుంది, శుభ్రం చేయడానికి చాలాసేపు పడుతుంది, అందుకే వద్దంటారు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ కార్బురేటర్ దగ్గర ఆగారు. యాక్సిలరేటర్‌ను వెనక్కి లాగే స్ప్రింగ్ ఒక్కటే ఉంది, రెండోది కావాలన్నారు. ఉన్నది తెగితే కాలు తీసినా ఇంజను పూర్తి వేగంలోనే ఉండిపోతుంది, ఎదురుగా గోడ. పెద్దాయన వాదించలేదు. రెండు కార్ల అవతల నీలం ఫోర్డ్ దగ్గరున్న అతను మా మాటలు విని, టూల్‌బాక్స్ తెరిచి స్ప్రింగ్ తెచ్చి, తనే బిగించి ఇచ్చాడు. ఆ సాయంత్రం మాకు పోటీ అయిన కార్లలో అతనిదీ ఒకటి. ఇన్‌స్పెక్టర్ పట్టు పట్టడం, పోటీదారు సాయం చేయడం రెండూ నాకు ఎంతో నచ్చాయి.

ఇక నా పని. ఓవల్‌లో మలుపులన్నీ ఎడమకే. అందుకని వెనక కుడి టైరు చుట్టుకొలత ఎడమదానికంటే ఎక్కువ ఉండేలా పెడతారు. దీన్ని స్టాగర్ అంటారు. మూతి వెడల్పు, అడుగు సన్నం ఉన్న స్టీలు గ్లాసును నేల మీద దొర్లిస్తే అది నేరుగా పోకుండా గుండ్రంగా తిరుగుతుంది కదా, అదే సూత్రం. ఈ పాత రకం బయాస్ ప్లై టైర్లలో గాలి పెంచితే చుట్టుకొలత కూడా పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. నేను టేపుతో కొలిచి, నోట్‌బుక్‌లో రాసి, గేజితో గాలి సరిచూస్తూ ఉన్నాను.

చిన్న రేసు, అంటే హీట్, అయ్యి కారు వెనక్కి రాగానే టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడుచోట్లా వేడి కొలిచాం. కుడివైపు ముందు టైరు అన్నిటికంటే కాలిపోతోంది. ఎప్పుడూ ఎడమకే తిరిగే కారులో బరువు ఎక్కువగా దాని మీద పడుతుంది. అయితే పెద్దాయన ఫిర్యాదు వేరు: మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తొక్కగానే వెనక భాగం బయటికి జారుతోంది. రేసు భాషలో కారు 'లూజ్'గా ఉంది. వెనక కుడి టైరులో కొంచెం గాలి తీయమన్నారు. స్టాగర్ తగ్గింది, అంటే కారు తనంతట తాను ఎడమకు తిరిగే ఊపూ తగ్గింది. అంత చిన్న మార్పు ఏం చేస్తుందిలే అనిపించింది.

అసలు రేసు 20 ల్యాపులు. పవర్ స్టీరింగ్ లేని కారు, కిటికీ వలలోంచి ఆయన మోచేతులు ఆడటం కనిపిస్తోంది. ఇంతకుముందు జారిన చోటే ఇప్పుడు కారు నేల పట్టుకుని ముందుకు దూకుతోంది! మధ్యలో ఒక కారు గిర్రున తిరిగిపోవడంతో, నెమ్మదించమని చెప్పే పసుపు జెండా పడింది, అందరూ మళ్ళీ వరుసకట్టారు. పచ్చజెండా ఊపగానే ఆయన లోపలి వరుసలోంచి వచ్చి, నాలుగో మలుపు దాటేలోపు రెండు కార్లను దాటారు. ఎవరికీ తగల్లేదు. ఈ రేసుల్లో కావాలని ఢీకొంటే బయటికి పంపేస్తారు. ఆ నియమం న్యాయమే, ఎనభై ఏళ్ళు దాటిన కారుకు పగిలిన భాగం మామూలు షాపులో తేలిగ్గా దొరకదు, ఒక్కోసారి చేత్తో తయారుచేసుకోవాలి. మేం ఐదో స్థానంలో, నీలం ఫోర్డ్ మూడో స్థానంలో ముగించాం. స్ప్రింగ్ వెనక్కి ఇవ్వబోతే, ఉంచుకోమన్నాడు.

షార్లెట్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇలాంటి రేసు జరిగితే పిల్లలతో తప్పకుండా వెళ్ళండి. చెవులకు మంచి ఇయర్ మఫ్స్ తీసుకెళ్ళండి, ఆ చప్పుడు చిన్నపిల్లలకు మంచిది కాదు. చాలాచోట్ల రేసు అయ్యాక ప్రేక్షకులను పిట్‌లోకి రానిస్తారు. ఇంజను, సైలెన్సర్ పైపులు చాలాసేపు వేడిగా ఉంటాయి, అడక్కుండా ముట్టుకోవద్దు. వెనక టైర్లు ఎందుకు సమానంగా లేవని అడగండి చాలు, కారు యజమాని బానెట్ ఎత్తి మొదటి నుంచీ అంతా చెప్తారు.