గల్లా దగ్గర బుట్ట: మా షాపులో నా అనుభవం

తణుకులో మాది చిన్న సూపర్ మార్కెట్. రెండు వరసల ర్యాకులు, ఒక్కటే బిల్లింగ్ కౌంటర్. సరుకు తెచ్చేది మా ఆయన, గల్లా దగ్గర కూర్చునేది నేను. ఇదివరకు కౌంటర్ మీది చాక్లెట్ సీసాలు వాటంతటవే ఖాళీ అయ్యేవి, ఎందుకంటే రెండు రూపాయల చిల్లర లేదంటే రెండు చాక్లెట్లు చేతిలో పెట్టేవాళ్ళం, ఇష్టం లేకపోయినా తీసుకునేవారు. ఫోన్‌పే, గూగుల్ పే వచ్చాక ఆ పద్ధతి పోయింది. పోవడమే మంచిది. కానీ సీసాలు కూడా కదలడం మానేశాయి.

2025 ఫిబ్రవరిలో ఒక వారం నోట్‌బుక్‌లో గీతలు పెట్టి లెక్క చూశాను. 100 బిల్లుల్లో కౌంటర్ మీది వస్తువు ఉన్నవి 7.

మొదట అందరూ చేసేదే చేశాం. ఒక కంపెనీ సేల్స్‌మ్యాన్ స్టాండ్ ఇచ్చి, నెలనెలా డిస్‌ప్లే డబ్బులు కూడా ఇస్తామంటే పెట్టించాం. దాని కింది అర సరిగ్గా పిల్లల చేతికి అందే ఎత్తు. అమ్మకం పెరిగిన మాట నిజమే. కానీ ఒక సాయంత్రం, ఎప్పుడూ వచ్చే ఆవిడ వెంట వచ్చిన నాలుగేళ్ళ బాబు 50 రూపాయల చాక్లెట్ పట్టుకుని వదలడు, వెనక నలుగురు నిలబడి ఉన్నారు, ఆవిడ ఇబ్బంది పడుతూ తన సరుకుల్లోంచి అరకేజీ కందిపప్పు ప్యాకెట్ తీసి పక్కన పెట్టి, "ఇది వద్దులేండి, అది కొట్టేయండి" అంది. ఆ పప్పు తిరిగి ర్యాకులో పెడుతుంటే నాకు మనసొప్పలేదు. తర్వాత ఆవిడ బాబుని తీసుకురావడం మానేసింది, కొన్నాళ్ళకి తనూ రావడం తగ్గించింది. మే ఎండలకి ఆ చాక్లెట్లు పగలు కరిగి రాత్రికి గట్టిపడి తెల్లటి మచ్చలు పట్టాయి, వాపసు తీసుకోమంటే కంపెనీ వాళ్ళు ఒప్పుకోలేదు, రెండు వేల పైన మా నెత్తినే పడింది. స్టాండ్ తీయించేశాం.

జూన్‌లో, అసలు బిల్లు కొట్టేటప్పుడు జనం ఎటు చూస్తున్నారా అని గమనించడం మొదలుపెట్టాను. ముందు ధర పడే స్క్రీన్ చూస్తారు, తర్వాత ఫోన్ తీసి క్యూఆర్ కోడ్ చూస్తారు, డబ్బు పడిందని స్పీకర్ చెప్పేదాకా అక్కడి నుంచి చూపు తిప్పరు. నా సీసాలేమో కంప్యూటర్ వెనకాల ఉన్నాయి! ఇంకొకటి, డబ్బులు కట్టేసి గుమ్మం దాకా వెళ్ళి "అయ్యో, అగ్గిపెట్టె మర్చిపోయానండీ" అని వెనక్కి వచ్చేవాళ్ళు రోజూ ఉంటారు. ఏం మర్చిపోతున్నారో రాసుకుంటూ పోయాను: అగ్గిపెట్టె, కర్పూరం, పిన్నీసులు, ఈనో, గడియారం సెల్లు, ఐదు రూపాయల ఫెవిక్విక్. వీటిలో ఒక్కటీ నా కౌంటర్ మీద లేదు, అన్నీ లోపలి ర్యాకుల్లోనే ఉన్నాయి.

ఒక వెదురు బుట్ట కొని క్యూఆర్ స్టాండ్‌కి ఆనించి పెట్టాను. ఐదు రకాలకి మించకూడదు, ఏదీ 30 రూపాయలు దాటకూడదు అనుకున్నాను. ఒకసారి ఆశపడి 12 రకాలు నింపితే కుప్పలా కనిపించి ఎవరూ చెయ్యి పెట్టలేదు. అడిగే మాట కూడా మార్చాను. "ఇంకేమైనా కావాలాండీ?" అంటే ఆలోచించకుండానే "వద్దండీ" అంటారు. దీపం నూనె కొన్నవాళ్ళని "ఇంట్లో అగ్గిపెట్టె ఉందాండీ?" అని అడిగితే ఒక్క క్షణం ఆగి గుర్తు చేసుకుంటారు, చాలామంది తీసుకుంటారు. అవసరం లేనివాళ్ళని మాత్రం అడగను. చాక్లెట్లు నా వెనక పై అరలోకి మార్చాను, కావాలన్నవాళ్ళకి తీసిస్తాను.

శ్రావణంలో పసుపు, కుంకుమ చిన్న పొట్లాలు, తోరాల దారం పెట్టాను. ఆగస్టు 8 వరలక్ష్మీ వ్రతం, ముందురోజు సాయంత్రానికే బుట్ట ఖాళీ. కార్తీకంలో మా వీధి చివర ఉండే పెద్దావిడ చుట్టిచ్చే 365 ఒత్తుల కట్టలు తీసుకున్నాను, ఆవిడకి 20 ఇచ్చి 25కి అమ్మాం. నవంబర్ 5 పౌర్ణమి ముందురోజు ఒక్కనాడే 60 కట్టలు పోయాయి. రాత్రి పదింటికి ఆవిడ ఇంటికి వెళ్ళి డబ్బులిస్తే, అరచేతులకి ఇంకా దూది అంటుకునే ఉంది, ఇంకో పది కట్టలు చుడుతోంది. నవంబర్‌లో మళ్ళీ గీతలు పెట్టి చూస్తే 100 బిల్లులకి 24 వచ్చాయి. ఖర్చులు పోను నెలకి మూడు వేల దాకా మిగిలింది, మా షాపు కరెంటు బిల్లులో సగం.

ఆ బాబు వాళ్ళమ్మ కూడా మళ్ళీ వస్తోంది, బాబుని తీసుకునే వస్తోంది.

ఇప్పుడు ధనుర్మాసం. ఒత్తులు తీసేసి పది రూపాయల ముగ్గు రంగుల పొట్లాలు పెట్టాను. గులాబీ రంగు మొదటి రోజే అయిపోయింది, వచ్చేటప్పుడు తెమ్మని మా ఆయనకి ఇందాకే ఫోన్ చేశాను.